దిగులేసిన రోజు మంచి చీర!

ఒంట్లో నలతగా ఉంటే నైటీ మార్చబుద్ధి కాదు. ఉద్యోగం పోతే గడ్డం గీసుకోబుద్ధి కాదు. ఇంట్లో మనిషి దూరమైతే నెలల తరబడి బీరువా తలుపే తీయబుద్ధి కాదు. మనసు బాగోలేదన్న సంగతి నోరు విప్పి చెప్పకముందే కట్టూబొట్టూ చెప్పేస్తాయి. మరి అదే దారిలో వెనక్కి నడిస్తే... తలస్నానం చేసి ఇష్టమైన చీర కట్టుకుంటే, ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటే దిగులు కాస్తయినా తగ్గుతుందా? 'కష్టాల్లో ఉంటే సోకులేంటి' అన్న మాట మన ఇళ్లలో కొత్తేం కాదు. చరిత్రను అడిగితే మాత్రం వేరే కథలు చెబుతుంది.

ఎవరడిగారో తెలియని పెట్టె

1945 ఏప్రిల్ 15. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజులు. ఉత్తర జర్మనీలోని బెర్గెన్ బెల్సెన్ నిర్బంధ శిబిరంలోకి బ్రిటిష్ సైన్యం అడుగుపెట్టింది. లోపల దాదాపు 60 వేలమంది ఖైదీలు. ఆకలితో, టైఫస్ జ్వరంతో చాలామంది చావుకు దగ్గరలో ఉన్నారు. పూడ్చిపెట్టే దిక్కులేక పడి ఉన్న శవాలే వేలల్లో ఉన్నాయి. విముక్తి దొరికాక కూడా రోజూ వందలమంది చనిపోతూనే ఉన్నారు. అక్కడ వైద్యసేవలు అందించిన ఒక దళానికి అధికారి లెఫ్టినెంట్ కర్నల్ మెర్విన్ గోనిన్. తాను చూసినదంతా ఆయన రాసిపెట్టుకున్నాడు. ఆ రాతల్లో ఒకచోట ఓ వింత సంగతి కనిపిస్తుంది.

మందులు కావాలి, తిండి కావాలి, దుప్పట్లు కావాలి... అని వాళ్లు నెత్తీనోరూ కొట్టుకుంటున్న సమయంలో ఒకరోజు శిబిరానికి పెద్దఎత్తున లిప్‌స్టిక్‌లు వచ్చిపడ్డాయి. ఎవరు అడిగారో తెలియదు, ఎవరు పంపారో తెలియదు. తాము కోరింది ఇది కాదే అనుకున్నాడు గోనిన్. ఆ తర్వాత కళ్లముందు జరిగింది చూసి, ఇంతకన్నా తెలివైన పని మరొకటి లేదని రాసుకున్నాడు. పక్కమీద దుప్పటి సరిగ్గా లేదు, ఒంటిమీద రాత్రి గౌనైనా లేదు. అయినా ఆ ఆడవాళ్ల పెదాలు ఎర్రగా మెరుస్తున్నాయి. భుజాల మీద ఒక కంబళి తప్ప ఏమీ లేనివాళ్లు ఎర్రటి పెదాలతో అటూఇటూ తిరుగుతున్నారు. చనిపోయిన ఒకామె చేతిలో లిప్‌స్టిక్ ముక్క బిగించి ఉండటమూ ఆయన చూశాడు. చేతిమీద పచ్చబొట్టు పొడిచిన అంకెగా మిగిలిపోయినవాళ్లని ఎవరో మళ్లీ మనుషుల్ని చేశారన్నది ఆ డాక్టరుగారి అభిప్రాయం.

లిప్‌స్టిక్ వాళ్ల ప్రాణాలు నిలబెట్టిందని కాదు. నిలబెట్టింది మందులూ ఆహారమూ నర్సుల సేవానే. కానీ 'నేనూ ఒక మనిషినే, నాకూ ఓ ముఖం ఉంది' అనిపించడం కూడా కోలుకోవడంలో భాగమేనని ఆ పెట్టె చెప్పింది.

కూపన్ల కాలంలో ఫ్యాషన్!

అదే యుద్ధకాలంలో బ్రిటన్‌లో బట్టలకు రేషన్ పెట్టారు. 1941 జూన్ 1న మొదలైన ఆ రేషన్ 1949 మార్చి వరకూ నడిచింది. మొదటి ఏడాది పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి 66 కూపన్లు ఇచ్చారు. ఒక గౌనుకి పదకొండు, మేజోళ్ల జతకు రెండు, మగవాళ్ల చొక్కాకో ప్యాంటుకో ఎనిమిది, మగవాళ్ల బూట్లకు ఏడు. కూపన్లిస్తే సరిపోదు, డబ్బూ పెట్టాలి. తర్వాత తర్వాత ఆ కూపన్లూ తగ్గిపోయాయి.

ఇక్కడో విశేషం ఉంది. ప్రజలకు ఎలాగూ తక్కువ బట్టలే కదా, ఏదో ఒకటి గోనెసంచిలా కుట్టి ఇద్దాం అనుకోలేదు అక్కడి ప్రభుత్వం. నార్మన్ హార్ట్‌నెల్, హార్డీ ఏమీస్ లాంటి పేరున్న డిజైనర్లను పిలిచి, తక్కువ గుడ్డతో అందంగా ఉండే నమూనాలు గీయించింది. హార్ట్‌నెల్ అంటే రాణిగారికి దుస్తులు కుట్టినాయన! గుండీలు ఇన్నే, జేబులు ఇన్నే అని లెక్క కట్టారు. మగవాళ్ల ప్యాంట్లకు కిందిమడతలు నిషేధించారు. ఆడవాళ్లు అన్నింటికీ సర్దుకున్నారుగానీ మగమహారాజులకు ఈ మడతల నిషేధం మాత్రం బొత్తిగా నచ్చలేదు. పొడుగు ఎక్కువున్న ప్యాంటు కొని ఇంటికెళ్లి మడత కుట్టించుకున్నవాళ్లు ఎందరో. సోకు ఆడవాళ్లకే అనేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మేజోళ్లు దొరక్క అమ్మాయిలు కాళ్లకు గోధుమరంగు పూసుకుని, వెనక కుట్టు ఉన్నట్టు పెన్సిల్‌తో గీత గీసుకునేవారు. ఆ రంగూ లేకపోతే కూరల్లో వేసే గ్రేవీ రంగే గతి. వాన పడిందా... అంతే సంగతులు! చిరిగిన పారాచూట్ల పట్టుగుడ్డ పెళ్లిగౌన్లయింది. ఉన్నదాన్నే బాగుచేసుకుని తొడుక్కోవడం ఎలాగో చెబుతూ 1943లో ప్రభుత్వం 'మేక్ డూ అండ్ మెండ్' అని ఒక పుస్తకమే వేసింది. మన అమ్మమ్మలకు ఆ పుస్తకం అక్కర్లేదనుకోండి. చీర చిరిగితే లంగా, లంగా చిరిగితే పసిపిల్లకు గౌను, అదీ పోతే బొంత, చివరికి మసిగుడ్డ... ఈ పాఠం వాళ్లకు పుట్టుకతోనే వచ్చు.

యుద్ధం ముగిసిన రెండేళ్లకు, 1947లో యువరాణి ఎలిజబెత్ పెళ్లి కుదిరింది. పెళ్లిగౌనుకు ఆమె కూడా కూపన్లు కూడబెట్టుకోవాల్సి వచ్చింది. ప్రభుత్వం అదనంగా కొన్ని ఇచ్చింది. అది తెలిసి దేశంలోని ఆడపిల్లలు తమ కూపన్లు తీసి ఆమెకు పోస్టులో పంపారు. ఒకరి కూపన్లు మరొకరు వాడటం చట్టరీత్యా నేరం కాబట్టి వాటన్నిటినీ తిరిగి పంపించాల్సి వచ్చింది. తమకే చాలని కూపన్లను తాము చూడబోని పెళ్లికి పంపారంటే ఒక మంచి గౌను ఆ రోజుల్లో ఎంతమందికి ఎంత సంబరమో ఊహించుకోవచ్చు.

అమెరికాలో 1930ల నాటి ఆర్థికమాంద్యం కథ ఇంకో రకం. పల్లెటూళ్లలో ఆడవాళ్లు పిండి వచ్చిన గుడ్డసంచుల్ని విప్పి పిల్లలకు గౌన్లు కుట్టడం మొదలుపెట్టారు. అది గమనించిన మిల్లులు సంచుల మీద పువ్వులూ చుక్కలూ గళ్లూ అచ్చువేయడం మొదలుపెట్టాయి. కంపెనీ పేరును సులువుగా ఉతికితే పోయే సిరాతో వేశాయి. దాంతో పిండి ఎంత బాగుందన్నదాని కన్నా సంచి ఎంత బాగుందన్నదే ముఖ్యమైపోయింది. ఒక గౌనుకు ఒకే పువ్వున్న సంచులు రెండో మూడో కావాలి మరి! వ్యాపార తెలివి ఉంటే ఉండనీండి... బడికెళ్లే పిల్ల ఒంటిమీద కంపెనీ ముద్ర కాకుండా గులాబీ పువ్వు ఉండటం ఆ తల్లికి ఎంత ఊరటో కదా.

తెల్లకోటు వేసుకుంటే...

సరే, ఇవన్నీ కథలు. శాస్త్రం ఏమంటోంది? అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు హాజో ఆడమ్, ఆడమ్ గలిన్‌స్కీ 2012లో ఒక సరదా ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. కొందరికి ఒకే రకం తెల్లకోటు ఇచ్చారు. ఇది డాక్టరు కోటు అని కొందరికి, రంగులు వేసే పెయింటర్ కోటు అని మరికొందరికి చెప్పారు. ఆ తర్వాత దాదాపు ఒకేలా ఉన్న రెండు బొమ్మలిచ్చి తేడాలు కనిపెట్టమన్నారు. మన ఆదివారం అనుబంధాల్లో వచ్చే 'తేడాలు కనుక్కోండి' లాంటిదే. డాక్టరు కోటు అనుకుని తొడుక్కున్నవాళ్లు ఎక్కువ తేడాలు పట్టుకున్నారట. అదే కోటును ఎదురుగా పెట్టుకుని చూసినవాళ్లకు అంత ఫలితం రాలేదు. అంటే తొడుక్కోవాలి, దానికో అర్థం ఉందని నమ్మాలి. రెండూ కలిస్తేనే మనసు మీద ప్రభావం అన్నది వాళ్ల వాదన. దీనికి 'ఎన్‌క్లోత్డ్ కాగ్నిషన్' అని పేరు పెట్టారు.

ఈ ప్రయోగం పత్రికల్లో మారుమోగిపోయింది. కానీ 2019లో మరో బృందం ఇంకా ఎక్కువమందితో అందులోని ఒక ప్రయోగాన్ని మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. 2023లో ఆ ఇద్దరూ మరో పరిశోధకుడితో కలిసి అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ పోగుచేసి చూశారు. మొత్తంమీద దుస్తుల ప్రభావం ఉందనే తేల్చారు. కాబట్టి బట్టలు మారిస్తే బతుకు మారిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. చిన్న ఆసరా దొరుకుతుందంటే మాత్రం నమ్మొచ్చు.

బ్రిటన్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ యూనివర్సిటీ మనస్తత్వ శాస్త్రవేత్త కరెన్ పైన్ కూడా 2012లో వందమంది మహిళల్ని అడిగి చూశారు. దిగులుగా ఉన్న రోజు సగం మందికి పైగా వదులు టాపులో దూరిపోతారట. సంతోషంగా ఉన్నప్పుడు ఇష్టమైన గౌను తీసేవాళ్లు దిగులుగా ఉన్నప్పుడు దాని జోలికే వెళ్లరట. మనకు గౌను బదులు చీర అనుకోండి, లెక్క అదే!

నిజానికి కుంగుబాటుకు చికిత్స చేసే మనస్తత్వ నిపుణులకు ఇదేమీ కొత్తకాదు. 'బిహేవియరల్ యాక్టివేషన్' అని ఒక చికిత్సా విధానం ఉంది. మనసు బాగుపడ్డాక పనులు చేద్దాం అని కూర్చుంటే ఆ రోజు రాదు. కాబట్టి ముందు చిన్న పని చేయిస్తారు. ఇవాళ స్నానం, రేపు ఉతికిన బట్టలు, ఎల్లుండి వీధి చివరిదాకా నడక... ఇలా చిన్నచిన్న మెట్లు. పని వెనకే ఉత్సాహం వస్తుందన్నది సూత్రం. అందులో బట్టలు మార్చుకోవడం అనేది చాలామందికి మొదటి మెట్టు. అయితే రెండు వారాలకు మించి దిగులు వదలకపోతే, నిద్రా ఆకలీ పోతే, బతకాలని లేదనిపిస్తే బీరువా ముందు కాదు, డాక్టరు ముందు కూర్చోవాలి. అందులో ఆలస్యం వద్దు.

లుంగీ, బనియను, మంచం

కొన్నేళ్ల క్రితం బ్రిటన్ ఆసుపత్రుల్లో 'ఎండ్ పీజే పెరాలిసిస్' పేరుతో ఒక ఉద్యమం నడిచింది. బ్రయాన్ డోలన్ అనే నర్సింగ్ నిపుణుడు దీనికి ఆద్యుడు. పీజే అంటే పైజమా. రోజంతా ఆసుపత్రి గౌనులోనో పైజమాలోనో ఉన్న రోగి తాను రోగినే అనుకుంటాడు, చూసేవాళ్లూ అలాగే అనుకుంటారు. దాంతో మంచం దిగడు. వృద్ధులు అలా పడుకునే ఉంటే కండల్లో బలం వేగంగా తగ్గిపోతుంది. ఇంటికి వెళ్లాక బాత్రూంకి కూడా ఒకరు పట్టుకోవాల్సి వస్తుంది. అందుకే ఒంట్లో కాస్త ఓపిక రాగానే సొంత బట్టలు తొడిగించి, లేపి కూర్చోబెట్టి నడిపించమన్నారు. 2018లో ఆసుపత్రులు కలిసి డెబ్భై రోజులపాటు దీన్ని ఒక సవాలుగా తీసుకుని చేశాయి.

ఇది చదువుతుంటే మన ఇళ్లలోని ఆపరేషన్ అయిన పెద్దాయన కళ్లముందు కదలడం లేదూ? ఆర్నెల్లుగా అదే లుంగీ, అదే బనియను. 'ఎక్కడికెళ్లేది ఉంది గనక' అంటారాయన. 'ఇంట్లోనే కదా' అని మనమూ ఊరుకుంటాం. ఒకరోజు మామయ్యగారికి తెల్లచొక్కా తొడిగి, తల దువ్వి వరండాలో కుర్చీ వేసి చూడండి. దారినపోయేవాళ్లు ఆగి పలకరిస్తారు. బనియనుతో ఉంటే పడుకున్నారేమోనని వెళ్లిపోయేవాళ్లే, చొక్కా కనబడితే లోపలికొస్తారు. సగం మందు ఆ పలకరింపుల్లోనే ఉంటుంది.

రొమ్ముక్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్ల సంగతి ఇంకా సున్నితమైనది. చెయ్యి పైకెత్తడం కొన్ని వారాలపాటు కష్టం. తలమీంచి తొడుక్కునే నైటీలూ కుర్తీలూ నరకం చూపిస్తాయి. అప్పుడు ముందువైపు హుక్సులున్న మన పాతకాలపు జాకెట్టే నయం! కాస్త వదులుగా, మెత్తటి నూలుగుడ్డతో, చంకల దగ్గర గట్టికుట్లు తగలకుండా కుట్టించుకోవచ్చు. లోపల చిన్న జేబు పెట్టించుకుంటే పక్కకు ప్యాడ్ అమర్చుకోవచ్చు. తెలిసిన టైలరమ్మకు సంగతి చెబితే అరగంట పని. కీమోతో జుట్టు రాలినవాళ్లకు నూలు స్కార్ఫ్ జారదు, పట్టుదైతే జారిపోతుంది. అమెరికాలో క్యాన్సర్ రోగులకు అలంకరణ నేర్పే 'లుక్ గుడ్ ఫీల్ బెటర్' అనే ఉచిత కార్యక్రమం 1989 నుంచీ నడుస్తోంది. అక్కడ నేర్పేదీ ఇలాంటి చిన్న చిన్న విషయాలే. రాలిన కనుబొమల్ని పెన్సిల్‌తో ఎలా దిద్దుకోవాలి, స్కార్ఫ్ ఎలా చుట్టుకోవాలి... అలాగన్నమాట.

కష్టాన్నీ కట్టునీ ఒకేచోట చూడాలంటే మెక్సికో చిత్రకారిణి ఫ్రీదా కాలోని చూడాలి. పోలియోతో చిన్నప్పుడే ఒక కాలు సన్నబడింది. పద్దెనిమిదేళ్లప్పుడు, 1925లో, బస్సు ప్రమాదంలో వెన్నెముకా కటిభాగమూ విరిగాయి. ఆ తర్వాత జీవితమంతా ఆపరేషన్లూ పట్టీలే. ఒంటికి వేసిన ప్లాస్టర్ పట్టీల మీద కూడా బొమ్మలు వేసుకుంది. నేలను తాకే పొడుగు పరికిణీలు, ఎంబ్రాయిడరీ జాకెట్లు, జడలో పువ్వులు... ఆమె గుర్తింపే అది. 1953లో కాలు తీసేస్తే, కృత్రిమ కాలికి ఎర్రటి బూటు తొడిగి చిన్నచిన్న గంటలు కట్టించుకుంది! మరుసటి ఏడాదే కన్నుమూసింది. ఆమె వస్తువులున్న గదిని భర్త మూయించేశారు. అది మళ్లీ తెరుచుకున్నది 2004లోనే. ఆ దుస్తుల్ని 2018లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు.

తీసేసుకున్న రంగులు

కట్టూబొట్టుకూ మనసుకూ సంబంధం లేదని వాదించేవాళ్లు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి. సంబంధం లేకపోతే, భర్త పోయిన ఆడదాని దగ్గర్నుంచి మొట్టమొదట వాటినే ఎందుకు లాక్కున్నట్టు? దుఃఖంలో మునిగి ఉన్న మనిషికి ఒక ఓదార్పు తోడుగా ఉండాల్సిన రోజున గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపి, పువ్వులు తీసేసి, రంగుచీర వద్దన్నారు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. అక్కణ్నుంచి లెక్క వేసుకున్నా 140 ఏళ్లు దాటిపోయాయి. చాలా ఇళ్లలో ఇప్పుడు తెల్లచీర లేదు, నిజమే. కానీ పదకొండో రోజు తంతు ఉంది. పేరంటానికి పిలవకపోవడం ఉంది. 'ఆ ఎర్రచీరేంటి ఈ వయసులో' అనే చూపు ఉంది.

ఉత్తరప్రదేశ్‌లోని బృందావనంలో వేలాదిమంది వితంతువులు ఆశ్రమాల్లో తలదాచుకుంటారు. రంగుల పండగ వాళ్లకు నిషిద్ధం. 2013లో సులభ్ ఇంటర్నేషనల్ సంస్థ చొరవతో వాళ్లు హోలీ ఆడారు. తెల్లచీరల మీద గులాలు చల్లుకుంటూ, పూలరేకుల్లో దొర్లుతూ నవ్వుతున్న ఆ ముదుసళ్ల ఫొటోలు ప్రపంచమంతా చూసింది. తర్వాతి సంవత్సరాల్లోనూ ఆ పండగ కొనసాగింది. మహారాష్ట్రలో, కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామం ఇంకో అడుగు ముందుకేసింది. గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం, మంగళసూత్రం తెంచడం లాంటి తంతుల్ని నిషేధిస్తూ 2022 మే 4న గ్రామసభ తీర్మానం చేసింది. అదే నెలలో ఆ రాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలనూ ఆ దారిలో నడవమని కోరింది.

తీర్మానాలు అవసరమే. అంతకన్నా ముందు ఇంట్లో కూతురో కోడలో 'అమ్మా, ఆ మామిడిపిందె అంచు చీర కట్టుకో' అని బీరువాలోంచి తీసి చేతికిస్తే చాలు. తనంతట తాను తీసి కట్టుకునే ధైర్యం మొదట్లో చాలామందికి ఉండదు. కావాలని ఉన్నా అడగలేరు. వద్దంటే మాత్రం బలవంతపెట్టకూడదు. తెలుపే మనసుకు హాయిగా ఉందనేవాళ్లూ ఉంటారు. ఎంచుకునే వీలు వాళ్ల చేతిలో ఉండటమే ముఖ్యం.

కొత్తది కొనక్కర్లేదు

ఇదంతా చదివి బట్టల షాపుకి పరిగెత్తకండి! దిగులేసిన ప్రతిసారీ ఫోనులో చీర ఆర్డరు పెట్టడం, నెలాఖరుకి బిల్లు చూసి ఇంకా దిగులుపడటం... ఈ చక్రం కొందరికి బాగా తెలుసు. డబ్బు ఇబ్బందే అసలు కష్టం అయినప్పుడు కొత్త బట్టలు మందు కాదు, మరో జబ్బు.

మన బీరువాల్లో లేనివేమిటి చెప్పండి! పెళ్లిలో పెట్టిన గద్వాల్ చీర, పుట్టింటివాళ్లిచ్చిన వెంకటగిరి, ఎవరో పెట్టిన మంగళగిరి పంచె... అన్నీ కలరా ఉండల మధ్య 'మంచి రోజు' కోసం ఎదురుచూస్తుంటాయి. మడతల దగ్గర జరీ తెగిపోయేదాకా ఆ మంచి రోజు రాదు. 2020 లాక్‌డౌన్‌లో చాలామందికి ఈ సంగతి తెలిసొచ్చింది. ఎటూ వెళ్లేది లేని ఆ రోజుల్లో ఇంట్లోనే పట్టుచీర కట్టుకుని మనవరాలికి వీడియో కాల్ చేసిన అమ్మమ్మలున్నారు. కలంకారీ గుడ్డతో మాస్కులు కుట్టుకుని పెట్టుకున్నారు మనవాళ్లు. భయం మూతి మీదే ఉన్నా దానిమీద ఓ పువ్వు ఉండాలనుకున్నారన్నమాట.

దిగులేసిన రోజు ఏం తొడుక్కోవాలో ఆ పూట ఆలోచించే ఓపిక ఉండదు. అందుకే మనసు బాగున్న రోజునే ఒక జత విడిగా పెట్టుకోవడం మంచిది. గుచ్చుకోని గుడ్డ, బిగుతులేని జాకెట్టు, పిన్నులు అక్కర్లేనిది, అద్దంలో మీకు మీరు నచ్చేది. రంగు ఏదన్నది మీ ఇష్టం. పసుపు హుషారు, నీలం శాంతం అని చెప్పే చార్టుల్ని మరీ పట్టించుకోనక్కర్లేదు. ఎవరి జ్ఞాపకం వాళ్లది. నాన్న కొన్న చీర వెలిసిపోయినా దాని బలం దానిదే.

మనకు సరే, కష్టంలో ఉన్న ఇతరులకు మనం ఇచ్చే బట్టల మాటేమిటి? 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో దాతలు పంపిన పాతబట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉండిపోయాయి. సర్వం పోగొట్టుకున్నవాళ్లు కూడా వాటిని ముట్టుకోలేదు. చిరిగినవీ మాసినవీ, తమకు పనికిరానివీ వాళ్లకెందుకు? పనికిరాకుండా మిగిలిపోయిన ఆ బట్టల్ని తర్వాత బాగుచేసి వాడుకలోకి తెచ్చిన సంస్థల్లో గూంజ్ ఒకటి. 1999లో ఢిల్లీలో అన్షు గుప్తా ఇంట్లోని 67 బట్టలతో మొదలుపెట్టిన సంస్థ అది. ఆయనకు 2015లో మెగసెసే అవార్డు వచ్చింది. వాళ్లు బట్టల్ని దానంగా పంచరు. ఊరివాళ్లు తమ ఊరికోసం బావి తవ్వుకున్నా, రోడ్డు వేసుకున్నా ఆ శ్రమకు బహుమతిగా ఇస్తారు. తీసుకునేవాళ్లు తలెత్తుకుని తీసుకుంటారు.

ఈసారి వరద వచ్చిన ఊరికి బట్టల మూట కట్టేటప్పుడు ఒక్కసారి విప్పి చూడండి. చొక్కాకు గుండీలన్నీ ఉన్నాయా? చీరకు జాకెట్టూ లంగా జత చేశారా? జిప్ పడుతోందా? ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి, పైన ఏది ఎవరికి సరిపోతుందో ఒక చీటీ పెట్టండి. ఆ మూట విప్పేది మీలాగే నిన్నటిదాకా బీరువా ఉన్న మనిషి.